తిరగలి ఆగాక విన్న పాట

1968 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం భోజనాల తరవాత. కోటబొమ్మాళిలో మా ఇంటి ముందుగది.

ఉన్నవారు: నాన్న, పడక కుర్చీలో. పక్కింటి పోస్టుమాస్టరు గారు, బల్ల మీద. అమ్మ, చెల్లి, వెనకగది గుమ్మం దగ్గర. అత్త, అంటే నాన్న అప్పా అని పిలిచే అక్కగారు, వెనకగదిలో తిరగలి దగ్గర. చదివేది నేను.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఏది రాసుకున్నా ముందు ఎవరెవరున్నారో రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. తాలూకా ఆఫీసు ఉద్యోగం ఆ అలవాటును ముదరబెట్టింది, రిటైరయినా పోలేదు. గదిలో లేని అత్తను కూడా ఆ రోజు లెక్కలో వేశాను. ఆమె వింటోందని అనుకుని కాదు. ఆమె తిరగలి చప్పుడుకు నేను గొంతు పెంచి చదవవలసి వచ్చేది, అందుకు.

ఆదివారం చదువు నాన్న కోసం మొదలైంది. ఆయనకు చత్వారం వచ్చి సన్న అక్షరాలు ఆనేవి కావు. పోస్టుమాస్టరు గారు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చేవారు. నేను చదివితే ఇద్దరూ వినేవారు, విన్నదాని మీద పోట్లాడుకునేవారు. ఆ శీతకాలం మేము చదువుతున్నది చాలా పాత నవల. నాన్న పుట్టకముందు రాసినది. అట్ట ఊడి, మళ్ళీ కుట్టించి, అంచులు నూనె పట్టి ఉండేది.

ఆ నవల నిండా పాటలు. బండి తోలేవాడు పాడేవి, నాటకాల వాళ్ళు ఊరూరా పాడి వదిలిపెట్టినవి, పెళ్ళిలో వియ్యపురాలిని ఆటపట్టించేవి. ఏ పాటా పూర్తిగా ఉండదు. మొదటి పంక్తి రాసి పక్కన చుక్కలు పెట్టాడు రచయిత. ఆ రోజుల్లో అవి అందరి నోళ్ళలోనూ నలిగేవి కాబోలు. మిగతాది మీకు తెలిసిందే కదా అన్నట్టు వదిలేశాడు.

మాకు తెలియదు. కానీ నాన్న పెట్టిన నియమం ఒకటి ఉండేది. పాట వస్తే చదవకూడదు, పాడాలి.

"పాటని సదివితే సచ్చిపోతాది రా. పాడు."

"వరస తెలీదు నాన్నా."

"తెలిసిన వరసలో పాడు."

తెలిసిన వరసలంటే సినిమా వరసలే. డేరా సినిమా వాడు ఆట మొదలుపెట్టే ముందు మైకులో వేసే రికార్డులు ఊరంతా వినపడేవి. ఏ పాటకు ఏ వరస అతుకుతుందో తేల్చేది మా చెల్లి. ఎడ్లబండి పాటకు తోటలో హీరోయిన్ పరిగెత్తే పాట వరస పెట్టింది ఒకసారి. ఎడ్లు పరిగెత్తలేక చచ్చాయని పోస్టుమాస్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ నవలలో కోడలు ఒకామె ఉంది. ఏటి ఒడ్డున పుట్టి, మెట్ట ఊరికి కాపురానికి వచ్చిన మనిషి. అత్తవారు మంచివాళ్ళు, ఒక్క మాట అనరు. ఆమె పని చేసుకుంటూ పాడుతుంటుంది. కోడలు సుఖంగా ఉందని అత్తా, మామా, ఊరూ అనుకుంటారు. ఒకనాటి ఉదయం ఆమె చెంబు గుమ్మంలో పెట్టి పుట్టింటి దారిన నడిచి వెళ్ళిపోతుంది. ఎందుకో రచయిత చెప్పడు. కిందటి ఆదివారం ఆ ప్రకరణం దగ్గర ఆపాము, వారమంతా ఇంట్లో అదే తగువు.

"కారణం లేకుండా మనిషిని పంపేశాడు. పెద్ద రచయితే కావచ్చు, ఇక్కడ పప్పులో కాలేశాడు," అన్నారు పోస్టుమాస్టరు గారు, నేను పుస్తకం తెరవకముందే.

"నాను మొదటి నుంచీ సెప్తన్నాను కదా బావా. ఆ పిల్లకి తిన్నది అరక్క ఎల్లిపోయింది. పాడుకుంటా తిరిగే మనిషికి ఏటి కష్టం?" అన్నారు నాన్న. చుట్టం కాకపోయినా పోస్టుమాస్టరు గారిని బావా అనే పిలిచేవారు.

"పాటలు ఉత్త అలంకారం. సినిమాలో పెట్టినట్టు పెట్టాడు, మధ్యలో జనానికి హుషారు కోసం."

"అలంకారమే గానీ, సుఖం లేనోళ్ళు పాడతారేటి? మా అప్పని సూడు."

నాన్న ఆ మాట అనడానికి ఒక కారణం ఉంది. అత్త కాపురం చేసింది కళింగపట్నంలో. సముద్రపు ఒడ్డుకు దగ్గరలో, ఇసకలో కట్టిన చిన్న పెంకుటిల్లు. మావయ్య పోయాక నాన్న వెళ్ళి ఆమెను మా ఇంటికి తెచ్చేశారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఒంటరి ఆడమనిషిని సముద్రం పక్కన వదిలి ఎలా నిద్రపోతాను అనేవారు. ఆ ఇంటి తాళంచెవి మా ముందుగది గోడకు మేకుకు వేలాడేది. ఇప్పుడు అక్కడి ఎండుచేపల వ్యాపారి ఒకతను సరుకు నిలవ చేసుకోవడానికి ఆ ఇల్లు కొంటానని కబురు పెట్టాడు. సోమవారం పొద్దున్న వచ్చి మాట ఇస్తానని నాన్న తిరుగు కబురు పంపారు. అత్తను అడిగితే "నీ ఇష్టం రా తమ్ముడా" అంది. నాన్నకు అది చాలింది. ఆమె పొద్దున్న లేచింది మొదలు పాడుతూనే ఉండేది. దంచుతూ, విసురుతూ, బియ్యం చెరుగుతూ. మా అప్పకి మా ఇంట్లో లోటేటీ లేదు, వినండి కావాలంటే అని వచ్చినవాళ్ళకు గర్వంగా చెప్పుకునేవారు.

ఆ మధ్యాహ్నం వెనకగదిలో ఆమె కొత్త కందులు విసురుతోంది. పోస్టుమాస్టరు గారి తగువు తేల్చడానికి కోడలి ప్రకరణాలు మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు నాన్న. చదివాను. కోడలు తిరగలి ముందు కూర్చుని పాట ఎత్తుకునే చోటు వచ్చింది. నవలలో ఉన్నది ఒక్క పంక్తే.

ఇసక తిన్నెల మీద ఇల్లు కట్టేనమ్మ...

దానికి చెల్లి ఏ సినిమా వరసా అతకలేకపోయింది, కిందటి వారాల్లో పాడకుండానే దాటేశాం. అయితే వెనకగదిలోని తిరగలి గుర్రుగుర్రుమంటూ చక్కగా ఒక లయలో తిరుగుతోంది. నేను దాన్నే పట్టుకుని పంక్తిని దానిమీద ఎక్కించాను. బాగా కుదిరింది. నాన్న కుర్చీ చేతి మీద తాళం వేశారు. చెల్లి చప్పట్లు కొట్టింది.

"సూశావా బావా," అన్నారు నాన్న, "ఎంత హుషారుగా ఉన్నాదో! ఈ పిల్లకి బాధేటి?"

తిరగలి ఆగింది.

కాసేపటికి అత్త గుమ్మంలోకి వచ్చింది. చేతుల నిండా కంది పిండి, ముక్కు మీద కూడా. నాకేసి చూసి అంది.

"తప్పు పాడతన్నావు రా."

"తప్పేటత్తా? నీ తిరగలి జోరుకే కదా పాడాను."

"అదే తప్పు. అది తిరగలి జోరు. పాట జోరు కాదు."

చెల్లి ఊరుకోదు కదా. "రెండూ వేరేటి? నువ్వు రోజూ అలాగే పాడతావు."

"నా పిచ్చి తల్లీ, రాయి తిరిగినట్టు పాట తిరగాలి, లేపోతే సెయ్యి లాగేస్తాది. అందుకని పరిగెత్తిస్తాను. ఊరికే కూకుంటే ఆ పాట అలా నడవదు."

"అయితే ఊరికే కూకుని పాడు."

"సిగ్గేస్తాది పోవే. పనీపాటా లేకుండా పాడితే నవ్వుతారు."

"పని లేకపోయినా పాట ఉన్నాది కదా వదినా, పాడు," అంది అమ్మ. అమ్మ వేళాకోళం ఆడడం అరుదు. అందరం నవ్వాం, అత్త కూడా నవ్వింది. కొంగుతో చేతులు తుడుచుకుని అమ్మ పక్కన కూర్చుంది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకుంది. నేల చూస్తూ పాడింది.

ఇసక తిన్నెల మీద ఇల్లు కట్టేనమ్మ
ఇంటి ముంగిట నేను దీపమెట్టేనమ్మ
ఏరు సంద్రాన్ని సేరిపోయిందమ్మ
నానెలా సేరుదును నా గడపకమ్మ

ఒక్కొక్క పంక్తి చివర ఆగి, ఊపిరి తీసుకుని, తరవాతిది అందుకుంది. నేను పాడిన పాట అది కాదు. మాటలు అవే. ఆమె మా ఇంటికి వచ్చిన దగ్గర నుంచీ ఆ పాట మేమందరం వింటూనే ఉన్నాం. తిరగలి శబ్దంలో జోరే తెలిసేది, మాటలు రాళ్ళ మధ్య కందుల్లాగ నలిగిపోయేవి.

పోస్టుమాస్టరు గారు నా చేతిలోంచి నవల తీసుకుని వెనక్కి తిప్పారు. కోడలు పాడే ప్రతిచోటా ఆయన వేలు ఆగింది. అన్నిచోట్లా ఆ ఒక్క పంక్తే, పక్కన చుక్కలే.

"కారణం చెప్పాడయ్యా. మనకే పాట రాదు," అన్నారు.

తరవాతి కాలంలో ఆ నవల చాలాసార్లు చదివాను. చదివినప్పుడల్లా ఆయన మాట గుర్తొస్తుంది. జనం నోట్లో ఉన్న పాటను నమ్మి ఒక రచయిత తన కథలో ముఖ్యమైన మాటను దాని దగ్గర దాచిపెట్టాడు. కోడలు నోరు తెరిచి ఇంటికి వెళ్తానని అనలేదు. ఆ ఇంట్లో ఆ మాటకు చోటు లేదు. పాడితే ఎవరూ అడ్డుపడరు, ఎందుకంటే పాట అందరిదీ. ఆ కాలపు పాఠకుడికి మొదటి పంక్తి చూడగానే చివరి పంక్తి వినపడి గుండె గుభేలుమని ఉంటుంది. మాకు వినపడక ఆమెకు తిన్నది అరగలేదన్నాం. ఊరు పాటను మరిచిపోతే పుస్తకంలో అక్షరం చెరగకుండానే కథ చెరిగిపోతుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం నాకు ఇంత ఆలోచన రాలేదు. నేను నాన్నను చూస్తున్నాను. ఆయన నవల సంగతి ఎప్పుడో వదిలేశారు.

"అప్పా, నువ్వు రోజూ పాడేది ఇదేనా?"

"ఇదే. మా రేవు వైపు ఆడోళ్ళందరూ పాడతారు. నాకు ఇంకేటి వచ్చు?"

"మరి నాకు సెప్పలేదేటి?"

"నువ్వు అడిగినావేటి? ఇల్లు ఇచ్చేద్దునా అని అడిగినావు. నీ ఇష్టం అన్నాను. ఎల్తావా అప్పా అని ఎప్పుడైనా అడిగినావా?"

నాన్న మేకుకున్న తాళంచెవి కేసి చూశారు. "ఒంటిగా ఎలాగుంటావు అక్కడ? గాలివాన వస్తే?"

"వస్తే తలుపేసుకుంటాను. ఇన్నాళ్ళూ రాలేదేటి గాలివానలు? పక్కనోళ్ళు ఉన్నారు, పడవలోళ్ళు ఉన్నారు. ఇక్కడ మాత్రం తిరగలి కాడ నాకు ఎంతమంది తోడున్నారు రా?"

అమ్మ తల వంచుకుంది. "నీకు ఇక్కడ ఏటి తక్కువ సేశాను?" అన్నారు నాన్న, కోపంగా అనబోయి అనలేక.

"ఏటీ తక్కువ లేదు తమ్ముడా. నీ ఇంట్లో ఏటీ తక్కువ లేదు," అని అత్త లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి తిరగలి మళ్ళీ మోగింది. పాట లేదు. నాన్న కండువా వేసుకుని స్టేషను వైపు వెళ్ళిపోయారు. సాయంత్రం తిరిగొచ్చి అన్నం తిని పడుకున్నారు. ఏం తేల్చుకున్నారో అమ్మకూ తెలియలేదు.

సోమవారం పొద్దున్న నేను లేచేసరికి మేకు ఖాళీగా ఉంది. వ్యాపారికి మాట ఇవ్వడానికే నాన్న తాళంచెవి తీశారనుకున్నాను. అత్త కూడా అలాగే అనుకున్నట్టుంది, పెరట్లో పళ్ళు తోముకుంటూ ఇటు చూడలేదు. నాన్న చలువ చొక్కా తొడుక్కుని పెరటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు. తాళంచెవి ఆమె ముందుకు చాపారు.

"ఎల్తావా అప్పా?"

ఆమె నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని మరీ అందుకుంది. కొంగుకు ముడి వేసుకుంది. "మరి అతగాడికి ఏటి సెప్తావు?"

"ఇల్లు ఖాళీ లేదని సెప్తాను."

నరసన్నపేటలో బస్సు మారాలి కనుక తొందర పెట్టారు. అత్త మూట చిన్నదే. నాన్న తిరగలిని గోనెసంచిలో కట్టబోతుంటే అత్త అడ్డం పడింది. "నీకేటైనా పిచ్చా? అక్కడ నా తిరగలి నాకున్నాది. మూల పడుంటాది పాపం. మీది మీకుండనీ." చెల్లి ఏడుపు మొహం పెడితే చెవి మెలేసి, "సెలవలకి రా. ఆ సినిమా వరసలు నాకూ నేర్పుదువు," అంది. పోస్టుమాస్టరు గారు తన గుమ్మంలోంచి చేయి ఎత్తారు. ఇద్దరూ బస్సు రోడ్డు వైపు నడిచారు, నాన్న మూట నెత్తిన పెట్టుకుని ముందు, అత్త వెనక.

నేను ఆఫీసుకు బయలుదేరుతూ వెనకగదిలోకి తొంగిచూశాను. సగం విసిరిన కందులు చేటలో అలాగే ఉన్నాయి. అమ్మ తిరగలి ముందు కూర్చుని పిడి పట్టుకుంది. చెల్లి ఎదురుగా చతికిలబడి, "ఏ పాట పాడతావమ్మా?" అంది.

అమ్మ ఒకసారి వీధి వైపు చూసింది.

"ముందు కందులు పొయ్యవే," అంది.