కళ్లంలో చోళ్లు, కొండ మీద బర్నరు

2004 అక్టోబరులో నన్ను మేఘమథనం పని మీద అరకు దగ్గరి ఒక కొండకి పంపారు. అప్పుడు నేను జూనియర్ ఇంజనీర్‌ని. మేఘమథనం అనగానే చాలామందికి విమానం గుర్తొస్తుంది. మాది నేల మీద నిలబెట్టిన బర్నరు. సిల్వర్ అయొడైడ్ ద్రావణం అందులో మండిస్తే పొగ గాలికి పైకెళ్లి మేఘంలో కలుస్తుంది. ఆ రేణువుల చుట్టూ నీరు గడ్డకట్టి, బరువెక్కి, వానగా పడుతుంది. పడుతుందని మా ఆశ. దిగువన జలాశయం నిండాలి. మేఘం అనువుగా ఉన్నదీ లేనిదీ రాడార్ గదిలోంచి మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ వైర్‌లెస్‌లో చెప్పేవారు. వెలిగించడం, సమయం లాగ్‌బుక్కులో రాయడం నా వంతు.

ఒక మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. కొండ కింద ఊళ్లో ఆ వారమే చోళ్లు, అంటే రాగులు, కోసి కళ్లంలో పరిచారు. ఏడాది పొడవునా వాళ్ల అంబలి ఆ గింజలతోనే. పైనుంచి నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆర్డరు ఆర్డరే అనుకుని వెలిగించాను. గంట తిరక్కుండా వాన దంచింది. నిజం చెప్పాలంటే నేను గంతులేశాను. మథనం ఫలించిందని అప్పటికప్పుడే రిపోర్టు పంపాను. మూడు రోజులు ముసురు వదల్లేదు. చోళ్లు కళ్లంలోనే మొలకెత్తాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

నాలుగో రోజు ఆ ఊరి దిసారి సోమన్న కొండెక్కి వచ్చాడు. కోతకీ నూర్పుకీ మంచిరోజు పెట్టే పెద్దని అక్కడ దిసారి అంటారు.

“పొగ ఎట్టింది నువ్వేనా బాబూ?” అన్నాడు. అవునన్నాను.

“అయితే వాన నీదేనా?”

నేను బర్నరు వైపు చూశాను.

“నాను రోజు ఎట్టినప్పుడు నా సోళ్లు కూడా ఆ కల్లంలోనే ఉంటాయి. రోజు తప్పితే అందరితో పాటు నానూ పస్తే. నీ సోళ్లు ఏ కల్లంలో ఉన్నాయి?”

గొంతు పెంచకుండానే అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈ.ఈ. గారికి చెప్పాను. ఆయన చెడ్డవారేమీ కాదు. అది మామూలు ముసురేనని, మన వాన కాదని ఊరికి రాసివ్వమన్నారు. పై ఆఫీసుకి వెళ్లిన రిపోర్టు మాత్రం కదిలించవద్దన్నారు. జలాశయం నిండితే మా ఘనత, కళ్లం తడిస్తే దేవుడి పని. ఆ వాన ఎవరిదో మనిద్దరికీ తెలియదు కదా సార్, ఊరికిచ్చే కాగితంలోనూ, పై ఆఫీసుకి మళ్లీ పంపే రిపోర్టులోనూ అదే రాస్తానన్నాను. రాశాను. నెల తిరక్కుండా నన్ను స్టోర్సుకి మార్చారు. ఊరికి ఒరిగిందేమీ లేదు. ఆ ఏడు వాళ్లు అడవి దుంపలతో గడిపారు.

ఎండ తగ్గించడానికి భూగోళమంతటికీ పొగతెర కడతామనే వాళ్ల గురించి ఇప్పుడు పేపర్లో చదువుతుంటాను. వాళ్ల లెక్కలు నాకు అందవు. నా అనుభవం చిన్నది. వెలిగించే ముందు కిందికి దిగి, వాన పడొచ్చు, చోళ్లు కప్పుకుంటారా అని అడగడానికి ఇరవై నిమిషాల నడక. అడగాలని ఏ రూలుబుక్కులోనూ లేదు. నేను అడగలేదు.