దీపం పెట్టిన కుండ

నూకరత్నం నత్తలకు పూజ చేస్తోందన్నారు కొందరు. చేతబడి అన్నారు మరికొందరు. 1956 చలికాలంలో ఒక సాయంత్రం, ఆమెను వట్లూరు నుంచి వెళ్లగొట్టడానికి పెద్దలు గుమ్మంలోకి వచ్చారు.

లోపల రెండు కుండల్లో గుల్లలేని నత్తలు చప్పుడు లేకుండా పాకుతున్నాయి. ఒక కుండ దగ్గరే దీపం వెలుగుతోంది.

"ఎవరికమ్మా ఈ దీపం?" అన్నాడు పెద్దల్లో ఒకడైన రామకోటి.

"మొక్కుకోవడానికి కాదండీ. మరో జాము పొద్దుందని రోజూ వాటిని నమ్మించడానికండీ. గుడ్లెప్పుడు పెడతాయో తెలిస్తే ముందే మడి తవ్వి, ఇవి తినేస్తున్న నా తోటకూర దక్కించుకుంటాను."

మట్టీ మేతా రెండింటికీ ఒకటే. చీకటి కుండలో ఏమీ లేదు. దీపం కుండలో మాత్రం గాజుపూసల్లా గుడ్లు మెరిశాయి. రామకోటి తనకు తెలియకుండానే దీపానికి చేతులు జోడించి వెనుదిరిగాడు.

ఆ తర్వాత ఆమెను ఊరి నుంచి ఎవరూ కదపలేదు. ఆ వెలుగుకు నత్త ఒంట్లో కదిలే హార్మోన్ల సంగతి ఆమెకు తెలియదు. పగటి నిడివే నత్తను గుడ్లు పెట్టే ఈడుకు తెస్తుందని రెండు కుండలతో తేల్చింది; చేసినది అంతే.