కొండకు ఎదురుగా మూడు కాళ్లు

రైలు వంతెన మీద, పక్కనుంచి గూడ్సు బండి దడదడలాడుతూ పోతుంటే, పైన పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకకుండా నిలబడింది మా తమ్ముడి కూతురు చేసిన ట్రైపాడ్. అమ్మాయి మొదటి గెలుపు అది. అంతకు ముందు వంగినవీ, విరిగినవీ, కాలు జారి కెమెరాల్ని నేలపాలు చేసినవీ మా షెడ్డు వెనక గుట్టగా పడి ఉండేవి. గ్లాసు దించి ఆ నీళ్లు నా చేతే తాగించింది. పక్కన నిలబడి ఫోటో దిగమంటే, "మనది చెయ్యి వణకకుండా చూసే పని పెదనాన్నా, మన మొహాలెందుకు?" అంది.

నేను ఊరి బడిలో చదివినవాణ్ని. అయినా వడ్రంగంలో నాకు వంక పెట్టినవాడు లేడు. స్టూడియోల వాళ్లు కెమెరా స్టాండు కావాలంటే నా షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవారు. తమ్ముడు లారీల మీద తిరిగేవాడు కాబట్టి అమ్మాయి నా దగ్గరే పెరిగింది. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద కుంటుతుంది, మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా కుదురుగా కూర్చుంటుంది అని నేను చెప్పిన రోజు, షెడ్డులో పీటలన్నీ వీధిలోకి ఈడ్చుకెళ్లి గుంటల్లో నిలబెట్టి చూసింది. వీధివాళ్లు మూడుకాళ్లమ్మ అన్నారు. పెళ్లయినా ఆ పేరు పోలేదు. మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. అతను ఫోటోగ్రాఫరు.

నీళ్లలో నిలబడి పక్షుల్ని తీసేవాళ్ల కోసం ఇసుక చొరబడని కీలు చేసింది మా అమ్మాయే. చక్రాల కుర్చీలో కూర్చునే ఒకామె కోసం కుర్చీకే బిగించే కెమెరా చెయ్యి చేసింది. చలిలో వేళ్లు మొద్దుబారినా ట్రైపాడ్ కాలి గొట్టాలు జారకుండా మడమతో తన్ని బిగించే తాళం చేసింది. నేను చెప్పుకోకపోతే ఇవన్నీ ఎవరు చెబుతారు?

ఎగువన కొండ కింద ఒక పేట ఉంది. కొండకు పగులు పడింది. అది జారుతోందేమో కనిపెట్టడానికి పేటవాళ్లు మా అల్లుణ్ని పెట్టుకున్నారు. అదే కొండ వాలు మీద గుడిసెలో ఉంటూ, కదలకుండా నిలిపిన ట్రైపాడ్ మీంచి రోజూ పొద్దున పగులును ఫోటో తీస్తాడు. నిన్నటి ఫోటోతో ఇవాళ్టిది పోల్చి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ట్రైపాడ్ కదిలితే మాత్రం అంతా అబద్ధమే.

పోయిన వానాకాలం అబద్ధమే అయింది. చలికి తాళం వదులై ఒక కాలు జారింది. పగులు దిగినట్టు ఫోటోలో కనబడింది. పేటంతా పిల్లాజెల్లాతో వానలో పరుగెత్తింది. ఆ తడికి జ్వరం తగిలి ఒక ముసలామె పోయింది. కొండ మాత్రం కదల్లేదు. అమ్మాయి చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత అసలు తాళాలే లేకుండా, ఒక్కో కాలికి ఒకే గొట్టం పెట్టి కొత్తది చేసింది.

ఈ గురువారం అల్లుడు ఫోన్ చేశాడు.

"మూడుకాళ్లమ్మా, పగులు దిగింది. ఈసారి వేలెడంత."

"వెనక కొండతో పోల్చి చూశావా? అదీ దిగినట్టుంటే కదిలింది ట్రైపాడే."

"వెనక కొండెక్కడుంది? అంతా మబ్బే. నీకు కనబడితే చెప్పు, తీసి పంపిస్తా."

"వెటకారం తర్వాత. గాలి ఉందా?"

"నన్నే ఎగరేసుకుపోయేట్టుంది. అందుకే రాళ్ల సంచి వేలాడదీశా."

గాలి వీస్తే ట్రైపాడ్ నడుమున కొక్కేనికి బరువు తగిలించడం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అలవాటు. దీనికి ఆ కొక్కెం పెట్టింది కూడా తనే.

"తడి మట్టి కదా! ఆ బరువుకి కాళ్లే దిగాయేమో. కొండో, కాళ్లో ఎలా తెలుస్తుంది?"

"నువ్వు చేసింది, నువ్వే చెప్పాలి."

"ముందు నువ్వు కిందికి దిగు."

"దిగితే రేపటి ఫోటో ఎవరు తీస్తారు, మీ పెదనాన్నా?"

పేట పెద్దకు చెబితే గయ్యిమన్నాడు. "కొండ కదిలిందో, మీ కర్రలు కదిలాయో తేల్చుకుని చెప్పండమ్మా. ఇంకోసారి ఊరికే లేపితే ఆ తర్వాత ఎవడూ లేవడు."

అమ్మాయి బండలో దిగగొట్టే ఇనప కడ్డీలు, సుత్తి సంచిలో వేసుకుంది. ట్రైపాడ్‌ను మట్టి మీంచి తీసి బండకే బిగించేస్తుందట. మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వాన తగ్గేదాకా ఆగవే తల్లీ."

"అందాకా కొండ ఆగుతుందా పెద్దమ్మా?"

నేనూ వస్తానన్నాను. "నీ మోకాళ్ల తాళాలు ఎప్పుడో వదులయ్యాయి, కూర్చో" అని నవ్వింది.

నిన్న సాయంత్రం పైనుంచి ఫోన్. "వాలు అవతల గట్టి బండ దొరికింది పెదనాన్నా. బిగించాం. రేపొకటి, ఎల్లుండొకటి ఫోటో తీసి, రెండూ పోల్చుకుని దిగుతాం. ఇక జారినా, నిలిచినా..." అంతే, తెగిపోయింది. మళ్లీ కలవలేదు. ఈ పొద్దున కాలిబాటలో సగం వాగులో కొట్టుకుపోయిందన్నారు.

నేను గొడుగేసుకుని పేటకు వెళ్లాను. గడపగడపకూ తిరిగి, దిగువకు వచ్చేయమని దండం పెట్టి, అమ్మాయి గొప్పలన్నీ ఏకరువు పెట్టాను. కొందరు మూటలు కట్టుకుని నా వెంట దిగువ బడికి వచ్చారు. పోయినసారి తల్లిని పోగొట్టుకున్నతను మాత్రం అరుగు దిగలేదు.

"మీ అమ్మాయి వచ్చి నోటితో చెబితేనే కదులుతా, పెద్దాయనా. అన్నట్టు ఆమె వచ్చేదెప్పుడు?"

రెండో ఫోటో తీసి దిగుతామన్న రోజే చెప్పాను: రేపు, జూలై ఇరవై ఒకటో తేదీ, ఆదివారం.