కొసలు వదిలిన మల్లెలు

తిరుచానూరులో నాగరత్నమ్మ పూలకొట్టుకు పొట్లాల కోసం పాతకాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటిల్లో పరీక్ష పేపర్లుండేవి, పాత పంచాంగాలుండేవి, అట్టలూడిన నవలలూ ఉండేవి. నవల దొరికితే పూలు కట్టే ఆడవాళ్ళకు పండగే. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక పంకజాక్షి చదివేది, మిగతావాళ్ళు పూలు కడుతూ వినేవాళ్ళు. నాగరత్నమ్మ షరతు ఒక్కటే. చదవడం అయిన కాగితాన్ని అయినట్టే చింపి పొట్లాల కుప్పలో వేయాలి. కథ నచ్చకపోతే పుస్తకం మొత్తం ఆ పూటే కుప్పలోకి పోతుంది. రాజుల కథైనా రేషను కాగితమైనా ఆమెకు రెండు మూరల మల్లెలు చుట్టడానికే.

పంకజాక్షి ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ కొట్లో అదే పెద్ద చదువు. మామూలుగా నోట్లోంచి మాట రాని మనిషి, పుస్తకం పట్టుకుంటే మాత్రం రాజుకొక గొంతు, రాణికొక గొంతు తెచ్చేది.

డెబ్బై ఎనిమిది వేసవిలో అలా ఒక పుస్తకం తగిలింది. దానికి పేరు లేదు, రాసిందెవరో తెలియదు. కథ చంద్రగిరి కోటలోది. పంకజాక్షి ముందుగా నాలుగు పేజీలు చూద్దామనుకుంది. నాలుగు కాస్తా నలభై అయ్యాయి. ఆ రోజు అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

మరకతం అనే నర్తకి ఉంది. అంతఃపురం వాకిట్లో కత్తి పట్టుకుని కావలి కాసే వీరమ ఉంది. వీరమ ఆడమనిషే. మరకతం మనసిచ్చింది ఆ వీరమకే. రాసినవాళ్ళెవరో గానీ దాన్ని వెక్కిరించలేదు, పాపమని దీర్ఘాలు తీయలేదు. రాజూ రాణీ ప్రేమించుకున్నట్టే, అంత మర్యాదగా రాశారు. ఇలాంటిది అచ్చులో ఉంటుందని పంకజాక్షి కలలో కూడా అనుకోలేదు. పుట్టింటికి పోయేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి చూసే ఆ కోటగోడలు ఇంత సంగతిని కడుపులో దాచుకున్నాయా అని ఆశ్చర్యపోయింది.

కానీ పైకి చదవాలంటే భయం. కొట్లో చంద్రకాంతమ్మ ఉంది మరి. ఆమె నోట పడితే ఎంత గొప్ప కథైనా నవ్వులపాలే. ఆమె ఒక్క నవ్వు నవ్విందా, పుస్తకం పొట్లాలపాలు. అందుకని పంకజాక్షి వీరమను వీరన్నను చేసేసింది. ఇంకో దొంగపని కూడా చేసింది. చదివిన కాగితాల బదులు పరీక్ష పేపర్లు కుప్పలో పడేసి, అసలువి తన బుట్ట అడుగున అరటాకు కింద దాచుకుంది.

ఎనిమిది రోజులు బాగానే గడిచాయి. కొట్లో అందరికీ వీరన్న మీద మనసైపోయింది. "మొగుడంటే అట్టుండాల. మాయింట్లో ఉండాడు, దేనికీ పనికిరాడు" అని చంద్రకాంతమ్మ రోజుకోసారైనా నిట్టూర్చేది. తాయమ్మ ఒక్కతే ఏమీ అనేది కాదు. అరవై దాటిన మనిషి, అందరికంటే చురుకైన చెయ్యి ఆమెదే. పెళ్ళి చేసుకోలేదు. దేవకమ్మ అనే స్నేహితురాలితో ఒకే ఇంట్లో కాపురముండేది. దేవకమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి తాయమ్మ తలలో పువ్వు పెట్టడం మానేసింది. వయసు మీదపడింది గదా, అందుకేలే అనుకున్నారు అందరూ.

తొమ్మిదో రోజు కథలో యుద్ధం వచ్చింది. తెల్లారితే వీరమ కోట దాటి పోవాలి. ఆ పేజీకి వచ్చేసరికి పంకజాక్షి తనను తానే మరిచిపోయింది. పేరు మార్చడం గుర్తుంది గానీ, పూలు మార్చడం గుర్తులేదు.

"మరకతం మల్లెలూ మరువమూ కలిపి మూరెడు కట్టింది. నార కొసలు రెండూ వదిలింది. వీరన్నను ముందు కూర్చోబెట్టుకుని తలలో తురిమింది."

పూలు కట్టే చేతులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"ఆగు మే" అంది చంద్రకాంతమ్మ. "మగోడికి తలలో పూలేంది?"

"ఆ కాలంలో మగోళ్ళకీ జుట్టుండేది గదక్కా..."

"మెడకేసే దండైతే కొసలు కలిపి ముడేస్తారు" అంది తాయమ్మ, తల ఎత్తకుండానే. "కొసలు వదిలేది జడకే. వీరన్న ఆడమనిషి గదా, బిడ్డా?"

నాగరత్నమ్మ చూపు పొట్లాల కుప్ప మీదికి పోయింది. ఇంకో అబద్ధం ఆడదామనుకుని పంకజాక్షి మానుకుంది. పూలు కట్టేవాళ్ళ ముందు పూల గురించి ఏం బొంకుతుంది?

"అవునవ్వా. వీరమ."

చంద్రకాంతమ్మ నోరు తెరిచింది. తాయమ్మ మొహం చూసి మూసుకుంది. అలా మూసుకోవడం ఆ కొట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఉండేది ఉన్నట్టు సదువు" అంది తాయమ్మ.

పంకజాక్షి మళ్ళీ చదివింది. వీరమను కూర్చోబెట్టుకుని, వీరమ తలలో తురిమింది.

"దేవక నాకు ఇట్టనే కట్టేది" అంది తాయమ్మ. "ఇరవై ఎనిమిదేండ్లు. పొద్దుగూకితే సాలు, కొసలు వదిలి కట్టి తనే పెట్టేది."

ఎవరూ నవ్వలేదు. చంద్రకాంతమ్మే కళ్ళు తుడుచుకుని, "మొదట్నుంచి సదవమందామంటే కాగితాలన్నీ పొట్లాలకు పాయె" అని వాపోయింది.

పంకజాక్షి బుట్ట ముందుకు లాక్కుని, అరటాకు ఎత్తి, తడి తగిలిన కాగితాలన్నీ బయటికి తీసింది. నాగరత్నమ్మ తిట్టాల్సిన మనిషి. తిట్టకుండా కొట్టు ముందు పరదా సగం దించి వచ్చి కూర్చుంది.

తాయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ వీరమ పేరు యాడుండాదో సూపించు."

పంకజాక్షి చూపించింది. చదువు రాని ఆ ముసలి వేలు ఆ మూడక్షరాల మీద చాలాసేపు ఆగింది.

"ఇది రాసినోళ్ళకు మా సంగతి ఎవురు సెప్పినారు, బిడ్డా?"