అక్క ఎంచుకున్న కాలేజీ

మొన్న మా మనవరాలు ఫోన్ చేసి, "అవ్వా, హోమ్ సైన్సుకు ఏ కాలేజీ మంచిది?" అని అడిగింది. తొంభైకి దగ్గరపడినదాన్ని అడగాల్సిన మాటేనా అని ముందు నవ్వొచ్చింది. తర్వాత మా అక్క గుర్తొచ్చి, నవ్వు ఆగిపోయింది.

అది పంతొమ్మిది వందల నలభైల్లో మాట. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో మా నాయన కాంపౌండరు. అమ్మ లేదు. పుంగనూరు నుంచి వచ్చిన మేనత్తే ఇల్లు నడిపేది. ఆమె గొంతు వింటే వీధి కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. అక్క ఇంటరు పాసయింది. ఆసుపత్రిలో పొట్టలుబ్బిన పసిపిల్లలను చూసి చూసి, ఏం తిండి పెడితే వాళ్లు బతుకుతారో నేర్చుకోవాలని పట్టుబట్టింది. హోమ్ సైన్సు అనే ఆ చదువు మద్రాసులో ఉందని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది.

నాయన కాదనలేదు. "యాడ చదవాలో నువ్వే చెప్పమ్మా, చదివేది నువ్వు కదా" అన్నాడు. మద్రాసులో రెండు కాలేజీలున్నాయట, ఒకటి సముద్రం ఒడ్డున, ఇంకొకటి ఊరి లోపల. వేసవంతా మా ఇంట్లో అదే చర్చ. అత్తది సముద్రం పక్షం. సముద్రం ఎప్పుడూ చూడలేదు కాబట్టి నాదీ అదే పక్షం. హాస్టల్లో కూర పెడతారా, ఆదివారం చర్చికి పంపుతారా అని నాయన అన్నం తింటూ ఆరా తీసేవాడు. చివరికి అక్క ఊరి లోపలి కాలేజీయే కావాలంది. పసిపిల్లల పోషణ అక్కడ బాగా నేర్పుతారట. నాయన తలూపి, "కుప్పం నుంచి పాదిరిగారు, ఆయన ఇంటామె వస్తాండారు. సీటు వాళ్ల మాట మీదే ఉండాది. బాగా వండిపెట్టు" అన్నాడు.

అక్క తెల్లారకముందే లేచి సంగటి, కోడికూర, పాయసం చేసింది. పాదిరిగారి భార్య రెండోసారి కూర వేయించుకుని, "ఇంత బాగా వండే పిల్లకు కాలేజీ యాల అప్పా?" అంది. అందరూ నవ్వారు. మర్యాదకు అక్క కూడా నవ్వింది.

వాళ్లు వెళ్లాక అత్త చెప్పింది. పాదిరిగారి కొడుక్కి, మొదటి భార్య పోయినవాడికి, అక్కనిస్తామని ఈస్టరు నాడే మాట ఇచ్చేశారట.

"మరి కాలేజీ?" అన్నాను నేను.

"పెళ్లి దాకా ఏడవకుండా ఉంటాదని అడిగినాంలే. ఎండాకాలమంతా ఎంత సంతోషంగా ఉండిందో సూడు" అంది అత్త, ఎంగిలాకులు ఎత్తుతూ. నాయన పెరట్లో కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంటూ ఉండిపోయాడు.

పెళ్లి కుప్పంలో జరిగింది. బావ చెడ్డవాడేమీ కాదు. అయితే ఆ తర్వాత అక్క దేన్నీ ఎంచుకోలేదు. బట్టలంగట్లో ఏ రంగు కావాలన్నా "మీ ఇష్టం" అనేది. కన్నబిడ్డకు ఏం పేరు పెడదామన్నా అదే మాట.

ఏళ్లు గడిచాక, కాళ్లు పడిపోయిన నాయన అక్క దగ్గరికే చేరాడు. నేను చూడబోయిన రోజు ఆమె జావ తాగిస్తోంది. "నీకు మంచే చేసినా కదమ్మా?" అన్నాడాయన.

"అడగకుండా చేసింటే ఎప్పుడో మరిచిపోయిందును నాయనా. యాడ చదువుతావని అడిగినావు సూడు, అది మరిచేదానికి కాలేదు" అంది అక్క. గొంతు పెంచలేదు. ఆయన మూతి తుడిచి గిన్నె కడగడానికి వెళ్లింది.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, పూటపూటకూ ఆమె చేతి జావే తాగుతూ. నిండు ఆయుష్షు దీవెన అని అంతవరకూ నమ్మేదాన్ని.