పలకల షెడ్డుకు పెట్టిన బ్లాగు

మార్కాపురంలో మా నాయన పలకల షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పలకకు చెక్క చట్రం బిగించాక నేరుగా కట్టలో పెట్టరు. నాయన బలపం తీసుకుని దాని మీద 'అ' రాస్తాడు. అక్షరం తెల్లగా, ఎక్కడా జారకుండా పడితే తడిగుడ్డతో తుడిచి పక్కన పెడతాడు. పడకపోతే ఆ పలకను మళ్లీ సాన పట్టాల్సిందే. బడికి వెళ్లకముందే నాకు వచ్చిన అక్షరం అదొక్కటే. మిగతావి నేర్పడానికి నాయనకు తీరిక ఉండేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ తింటూ షెడ్డు ఇచ్చేస్తానన్నాడు.

"టైల్స్ ఆయన అడుగుతున్నాడు పాపా. బడులు తెరిచేదాకా చూస్తా. అప్పటికి ఆర్డర్లు రాకపోతే మిషన్లతో సహా ఇచ్చేస్తా. ఇప్పుడు రాతిపలక ఎవురికి కావాల? ప్లాస్టిక్కువి వచ్చినాయి, అవి పోయి ఫోన్లు వచ్చినాయి."

నాకు కోపం వచ్చింది. నాకు ముక్కు మీదే కోపం, అది మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే. టైల్స్ ఆయన మీదా, ప్లాస్టిక్ మీదా, నాయన మీదా, ఎవరి మీదో తేలక ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెళ్లయినా నేను ఉండేది పుట్టింటికి రెండు వీధుల అవతలే. ఇంట్లోనే కూర్చుని దుకాణాల వాళ్లకు జీఎస్టీ పనులు చేసిపెడతాను కాబట్టి కంప్యూటర్ అంటే బెదురు లేదు. మార్కాపురం పలక గురించి ప్రపంచానికి చెబితే ఆర్డర్లు అవే వస్తాయని నా నమ్మకం.

మొదట ఉచితంగా బ్లాగు ఇచ్చే చోట మొదలుపెట్టాను. గనిలోంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా ఎలా విడదీస్తారో ప్రాణం పెట్టి రాశాను. తెల్లారి చూస్తే ఆ వ్యాసం కిందే ప్లాస్టిక్ పలకల ప్రకటన మెరుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. మన అరుగు మీద వేరేవాడు దుకాణం పెడితే ఊరుకుంటామా? ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఏదైనా సొంతంగానే పెట్టాలని. షెడ్డు పేరు మీద డొమైన్ కొన్నాను. సర్వర్‌లో కాస్త చోటు అద్దెకు తీసుకున్నాను. బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఒకసారి ఏదో మార్చబోతే మొత్తం సైటు తెల్ల కాగితమై కూర్చుంది. అన్నం కూడా సయించలేదు నాకు. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను.

ఎంతో సంబరంగా నాయన ఫోనులో తెరిచి చూపిస్తే ఆయన కళ్లజోడు సర్దుకుని పైన ఉన్న అక్షరాలు చదివాడు.

"సురక్షితం కాదు అంటున్నాడేందమ్మా? మన షెడ్డుకు వస్తే ఏమైతదంట?"

భద్రతా సర్టిఫికెట్ పెట్టలేదు మరి. దాని సంగతి తెలుసుకుని, అడ్రసు పక్కన ఆ మాట పోయేదాకా నాయనకు మళ్లీ సైటు చూపించలేదు.

సైటుకు ఎంతమంది వస్తున్నారో చూపించే పట్టిక ఒకటి పెట్టుకున్నాను. రోజూ పొద్దున్నే, ఒకే వేళకు, కొంతమంది వచ్చిపోతున్నారు. నేను మురిసిపోయాను. మా ఆయన దగ్గర కాలర్ కూడా ఎగరేశాను. కానీ ఫోను మోగదే, ఆర్డరు రాదే! అనుమానం వచ్చి సెట్టింగులన్నీ వెతికితే ఒక చోట టిక్కు కనబడింది. సెర్చ్‌లో ఈ సైటు చూపించవద్దని దాని అర్థం. మొదటి రోజు నేనే తెలియక పెట్టి ఉంటాను. మరి సెర్చ్‌లోనే లేని సైటుకు రోజూ పొద్దున్నే వచ్చేవాళ్లు ఎవరు?

"నేనే పాపా," అన్నాడు నాయన, అందులో వింతేముందన్నట్టు. "తాళం తియ్యంగానే నీ సైటుకు బోణీ చేస్తున్నా. టీ కొట్టు కాడ మనోళ్లతో గూడా చేపిస్తున్నా. పొద్దున్నే ఎవురో ఒకరు రాకపోతే ఎట్ల?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. షెడ్డు ఇచ్చేస్తానంటున్న మనిషే నా సైటుకు రోజూ బోణీ చేస్తున్నాడు. ఆ టిక్కు తీసేసి, ఆయన చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత నిజంగానే జనం రావడం మొదలుపెట్టారు. హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు, ఎక్కడెక్కడి నుంచో. కానీ అందరూ ఒకే పేజీ దగ్గర దిగుతున్నారు. పలకలతో పాటు మేం అమ్మే బలపాల గురించి రాసిన పేజీ అది. తడిసిన బలపానికి తొలకరి వాన వాసన వస్తుందని అందులో ఒక మాట రాశాను. వాళ్లు ఏమని వెతికి వచ్చారో చూశాను. తినే బలపాలు ఎక్కడ దొరుకుతాయి అని.

మొదటి ఫోను నాయనే ఎత్తాడు. అవతల ఒకావిడ బలపాలు కావాలంది. నాయన మొహం వెలిగిపోయింది.

"ఏ బడి తల్లీ మీది?"

"బడి కాదండీ, నాకే. మట్టి వాసన బాగా వచ్చేవి పంపండి."

నాయన ఫోను నా చేతిలో పెట్టేశాడు.

అలాంటివే ఇంకా వచ్చాయి, కడుపుతో ఉన్న ఆడవాళ్ల నుంచే ఎక్కువ. చివరికి ఒక వ్యాపారి ఫోను చేశాడు. బలపాలను చిన్న ముక్కలుగా కోసి, శుభ్రం చేసి, పొట్లాలు కట్టి ఇస్తే ఎన్ని ఉన్నా తీసుకుంటానన్నాడు. తినడానికని పొట్లం మీద ఆయనే అచ్చు వేయించుకుంటాడట. షెడ్డు నిలబడటానికి ఆ ఒక్క ఆర్డరు చాలు. నాయన ఆ రోజు చాలా కాలానికి ఈల వేస్తూ స్నానం చేశాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"వద్దు నాయనా. అది తినే వస్తువు కాదు."

"మనం తినమంటున్నామా? బలపం అడిగినాడు, బలపం ఇస్తున్నాం. జనాన్ని తెచ్చింది నీ బ్లాగే గదా. వచ్చినాక వద్దంటే ఏంది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. తెచ్చింది నేనే. షెడ్డు కోసమే తెచ్చాను. వద్దంటే షెడ్డు పోతుంది. అయినా ఆ పొట్లాలు నా సైటు మీదుగా కడుపుతో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోతాయంటే నాకు నిద్ర పట్టేలా లేదు. కారణం నాయనకు తెలియదు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం కూర్చుని రాశాను. బలపాలు అమ్మే ఇంటి ఆడపిల్లనని మొదలుపెట్టాను. మా అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు నాకు బలపం తప్ప ఇంకేదీ రుచించలేదని, షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ కొంగున కట్టుకుని తెచ్చుకునేదాన్నని, మెట్లెక్కితే కళ్లు తిరిగేవని రాశాను. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. రక్తపరీక్ష చేయించి, ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పి మాత్రలు రాసిచ్చింది. రక్తం పట్టాక ఆ యావ దానంతటదే పోయింది. అందుకని, బలపం తినాలనిపిస్తే సిగ్గుపడకండి, కొనకండి, ముందు ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి అని రాసి, అందరూ దిగుతున్న ఆ పేజీలోనే అన్నిటికన్నా పైన పెట్టాను. తినడానికి బలపాలు మేం అమ్మం అని కూడా రాశాను. నాయనను అడగలేదు. సైటు నాది.

మర్నాడు పొద్దున ఆయన బోణీ చేసే వేళకు చదివే ఉంటాడు. ఆ పూటే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఫోను అలాగే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇదంతా నిజమేనా పాపా? నా షెడ్డులోవేనా తినింది?"

"మరి ఎవరి షెడ్డులోవి?" అన్నాను. పెంకిగానే అన్నాను.

నాయన అప్పుడు కూర్చున్నాడు.

"ఆ నెలల్లో నువ్వు తెల్లంగా అయినావు. నా బిడ్డ రంగు తేలింది అనుకున్నా. మీ అమ్మతో గూడా అన్నా." ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "పాలిపోయినావని తెల్వలా."

అక్కడే కూర్చుని వ్యాపారికి ఫోను కలిపాడు. "పలకలు కావాలంటే ఎన్నైనా పంపుతాం సామీ. తినేదానికైతే మా కాడ బలపాలు లేవు," అని పెట్టేశాడు. నా కోసం నాయన అంతకంటే పెద్ద పని ఎప్పుడూ చేయలేదు. చేయాల్సిన అవసరమూ రాలేదు.

బడులు తెరిచారు. కథల్లోలాగా లారీల కొద్దీ ఆర్డర్లేమీ రాలేదు. షెడ్డులో సగం టైల్స్ ఆయనకు అద్దెకిచ్చాం. మిగతా సగంలో ఉలి చప్పుడు ఆగలేదు. ఆ వ్యాసాన్ని జనం ఒకరికొకరు పంపుకున్నారు. చదివినవాళ్లలో కొందరు పక్క పేజీలకు వెళ్లి, మా రాయిని చూసి, ఇంటికి ఒకటీ రెండూ పలకలు అడగడం మొదలుపెట్టారు. ఇవాళ బలపం తినాలని తెలుగులో వెతికితే మొదట్లోనే వచ్చే పేజీల్లో నాదీ ఉంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. గర్వంగానే ఉంది. డొమైన్ నాది, మాట నాది, కింద ఎవరి ప్రకటనా లేదు.

ఈమధ్య కంభం వైపు నుంచి ఒక అమ్మాయి సైటులో సందేశం పెట్టింది. నేను షెడ్డులోనే ఉన్నాను, నాయనకు పైకి చదివి వినిపించాను. "అక్కా, మీరు రాసింది చదివే అప్పట్లో రక్తపరీక్ష చేయించుకున్నా. ఇప్పుడు మా పాపకు అక్షరాభ్యాసం. ఒక పలక పంపండి. బలపం మాత్రం వద్దు. ఇంట్లో ఉంటే నా మీద నాకు నమ్మకం లేదు."

నాయన లేచి పలకల్లోంచి ఒకటి ఏరాడు. చట్రం మూలలు వేలితో తడిమి చూశాడు. బలపం తీసుకుని 'అ' రాశాడు, ఎప్పటికంటే పెద్దగా, నిదానంగా. అక్షరం తెల్లగా పడింది. అలవాటు కొద్దీ తడిగుడ్డ అందుకుని, మళ్లీ కింద పెట్టేశాడు.

"బలపం వద్దనింది గదా ఆ తల్లి," అన్నాడు. "బిడ్డ వేలితో దిద్దుకుంటది, ఉండనీ."

అక్షరం చెరగకుండా పైన కాగితం పరిచి, అట్టలు పెట్టి కట్ట కట్టాడు. చిరునామా నేను రాశాను. నాయన తుడవకుండా పంపిన పలక నాకు తెలిసి అదొక్కటే.