మెట్ల కింది గది గోడ

షూటింగు సెట్టు మీద అందరూ ఆమెని మరకలక్క అనేవారు. కొత్త గోడకి వందేళ్ల వయసు తెప్పించడం ఆవిడ పని. టీ డికాక్షను, మసి, ఓ పాత గుడ్డ ఉంటే చాలు, నిన్న కొట్టిన ప్లైవుడ్డు ఇవాళ చెమ్మ కక్కేది. "అక్కా, మా ఆయన్ని పంపిస్తా, కాస్త ముసలాణ్ణి చేసిపెట్టు, బుద్ధన్నా వస్తుంది" అని బట్టలు కుట్టే అమ్మాయి పరాచికాలాడేది.

ఇరవై రెండేళ్లలో ఆమె ఎన్ని పాడుబడ్డ మేడల గోడలు పూసిందో లెక్కలేదు. ఏ దయ్యాల సీరియల్లో చూసినా దయ్యం దొరసానే. పట్టుబట్టలు, నగలు, నిలువుటద్దం. ఆ అద్దం తుడిచినావిడ చచ్చి ఏమైందో ఎవరూ అడగలేదు. పనివాళ్లకి చచ్చాక కూడా ఆ ఇంట్లో చోటుండదన్నమాట.

ఈసారి దయ్యం పనిమనిషి. మెట్ల కింద ఆమె గది.

ఆ మాట వినగానే మరకలక్క చేతిలో గుడ్డ కింద పెట్టేసింది. ఏడేళ్లదాకా ఆమె పెరిగింది అలాంటి గదిలోనే. వాళ్లమ్మ ఒక పెద్దింట్లో పనిచేసేది. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. మొహం ఏనాడో చెదిరిపోయింది. కళ్లకి కట్టినట్టు మిగిలింది మంచం పక్క గోడ మీద అరచేతంత నూనె మరక. అమ్మ తల ఆనిన చోటు.

వెన్నెల పడాలని సెట్టులో పెట్టిన కిటికీని, మెట్ల కింది గదికి కిటికీ ఎక్కడిదని పట్టుబట్టి మూయించింది. దండెం కట్టి ఆరీ ఆరని బట్టలు వేసింది. ఆఖర్న మరక. పొర మీద పొరగా మూడు రోజులు.

దర్శకుడు వచ్చాడు. "గది అదిరిందక్కా. నెత్తుటి చెయ్యి ముద్రేదీ?"

"కథలో ఆవిడ జ్వరంతో కదా సార్ పోయింది. నెత్తురెక్కడిది?"

"సరే పో. ఈ మరక మాత్రం హీరోయిన్ తలకి జానెడు కిందుంది. పైకి జరుపు. అయిదు నిమిషాల పని."

నిజమే, అయిదు నిమిషాల పనే. జరిపితే మాత్రం అది అమ్మది కాదు.

"జరపను సార్."

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. సెట్టంతా చెవులు రిక్కించింది.

"అర్ధాకలితో పెరిగిన మనిషి సార్. పొట్టిగానే ఉంటుంది. కావాలంటే మంచం కోళ్లు కోయించండి."

"కోసేస్తా సార్," వడ్రంగి అందుకున్నాడు. "మంచం కాళ్లేగా, హీరోయిన్‌గారి కాళ్లు కాదుగా!"

అందరూ గొల్లున నవ్వారు. దర్శకుడు గొణుక్కుంటూనే సరేనన్నాడు.

కోళ్లు జానెడు తగ్గాయి. హీరోయిన్ కూర్చుని తల వెనక్కి వాల్చింది. మరకలో అచ్చుపోసినట్టు ఇమిడింది.

"ఎవరి కొలతక్కా ఇది?" అడిగిందామె.

"మా అమ్మది."

"అయితే చెప్పు. ఎలా కూర్చునేది? కాళ్లు ముడుచుకునా, చాపుకునా? అలాగే చేస్తా."

మరకలక్క గుర్తు తెచ్చుకోబోయింది. పొయ్యి దగ్గర వంగిన అమ్మ వచ్చింది. గచ్చు తుడిచే అమ్మ, బిందె మోసే అమ్మ, గుమ్మం దగ్గర తల దించుకు నిలబడ్డ అమ్మ. కూర్చున్న అమ్మ ఎంత వెతికినా దొరకలేదు.

"తెలీదమ్మా," అంది. "నేనెప్పుడూ చూళ్లేదు. నేను నిద్రపోయాకే కూర్చునేదేమో."

కెమెరా సిద్ధమని కేకేశారు. హీరోయిన్ లేచి పక్కకి జరిగింది. "ఒక్కసారి నువ్వు కూర్చో అక్కా. చూస్తాను."

మరకలక్క కూర్చుంది. వీపు గోడకి ఆనలేదు. మంచం అంచున, ఎవరైనా పిలిస్తే చటుక్కున లేవడానికి వీలుగా కూర్చుంది.